కుడిచేతి తాడు

చిక్కడపల్లి,
3-11-2025, సోమవారం.

చిరంజీవి సంజనకు,

బాపు ఎల్లేశం దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం, నీ క్షేమం తెలియజేయగలవు అని మొదలుపెట్టాలని చిన్నప్పుడు బడిలో నేర్పారు. మొదటి సగం రాస్తే అబద్ధమవుతుంది. రెండో సగం మాత్రం నిజంగానే అడుగుతున్నాను. ఎలా ఉన్నావు బిడ్డా? వేళకు తింటున్నావా?

ఫోను చేస్తే ఎత్తవు. మెసేజీ పెడితే నీదాకా చేరడం లేదు. నన్ను బ్లాక్ చేశావని పక్క జిరాక్సు షాపాయన చెప్పి, చెప్పినందుకు తనే సిగ్గుపడ్డాడు. మన షాపు నుంచి అశోక్‌నగర్‌లో నీ హాస్టలుకు నడిస్తే పది నిమిషాలు కూడా పట్టదు. రెండుసార్లు గేటు దాకా వచ్చాను. తండ్రులైనా సరే మగవాళ్లకు లోపలికి ప్రవేశం లేదని వార్డెనమ్మ బోర్డు చూపించింది. గ్రూపు పరీక్షలకు చదివే పిల్లలంతా పుస్తకాలు పట్టుకుని నా పక్కనుంచి పోతుంటే, మా పిల్ల పడవ మోటార్లకు పానాలు పట్టే పిల్ల, దానికి ఇక్కడేం పని అని అరవాలనిపించింది. అరవలేదు. చివరికి మీ హాస్టల్లో వంట చేసే కురుమమ్మ దొరికింది. రోజూ పొద్దున కూరగాయలకు మన షాపు ముందునుంచే పోతుంది. జర ఈ కాగితం మా బిడ్డకియ్యమ్మా అని అడిగితే, ఇస్త గానీ అన్నా, జవాబు తెచ్చుడు మాత్రం నా పని గాదు అంది. నేను ఉత్తరం రాసి ముప్ఫై ఏళ్లయింది. తప్పులుంటే నవ్వుకో. నువ్వు నవ్వితే చాలు.

విఠల్ చిన్నాయన పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పదకొండో రోజు దినాలు కాగానే నువ్వు బట్టల సంచి సర్దుకుని వెళ్లిపోయావు. పానాల పెట్టె మాత్రం తుడిచి, నూనె రాసి, నా కుర్చీలో పెట్టి పోయావు. నేను ఇప్పటికీ ఆ కుర్చీలో కూర్చోవడం లేదు.

విషయానికి వస్తాను. ఈ నెల పదిహేడున, చిన్నాయన పోయిన ఆ రిజర్వాయరు ఊరి పోలీస్‌స్టేషనుకు వెళ్లి, మోటారు బిగించింది నేనే, తాడు స్విచ్చి వైరు కలపడం మరిచిపోయింది నేనే, మా చిన్నాయన చావుకు కారణం నేనే అని రాసి సంతకం పెడతానన్నావట. సులోచన చిన్నమ్మ చెప్పింది. భర్త పోయిన మనిషి, చెబుతూ ఏడవలేదు. ఆ సంతకం పెట్టకు. కేసు నీ మీద పడుతుంది. జైలా, జరిమానా అన్నది తర్వాతి మాట. ఇరవై ఆరేళ్లకే మనిషిని చంపినదానివని నీకు నువ్వే రాసిచ్చుకుంటే, ఇక ఏ పడవకూ నువ్వు మోటారు బిగించలేవు. నాకు తెలిసి నీకు వేరే బతుకు లేదు.

ఆ ఎర్ర తాడు సంగతి నాకు నేర్పింది నువ్వే. ఒక కొస మోటారు స్విచ్చికి, రెండో కొస నడిపేవాడి మణికట్టుకు. మనిషి నీళ్లలో పడితే తాడు లాగినట్టయి మోటారు ఆగిపోతుంది. ఆగకపోతే మనిషి లేని పడవ గుండ్రంగా తిరిగి, పడ్డవాడి మీదికే వస్తుంది. అదే జరిగింది. నీళ్లలో మునిగిన మొద్దు తగిలి చిన్నాయన పడ్డాడు, మోటారు ఆగలేదు, అవతలి పడవలవాళ్లు చూస్తుండగానే అయిపోయింది. మోటారు కంపెనీ ఇంజనీరు వచ్చి ఒడ్డునే మూత విప్పి, స్విచ్చి వైరు కలపనేలేదు అన్నాడు. ఒడ్డున పడుకోబెట్టిన చిన్నాయన కుడిచేతికి ఎర్ర తాడు ఉండడం నువ్వు చూశావు. నా మాట నమ్మి కట్టుకున్నాడు బాపూ, నేనే వైరు కలపలే అని అక్కడే కూలబడ్డావు.

నేను చెప్పేది విను. అది నీ తప్పు కాదు. వైరు ఊడడానికి వంద కారణాలుంటాయి. ఆ ఒడ్డున ఎలుకలు కుక్కపిల్లలంత ఉంటాయి. మోటారు వారం రోజులు అక్కడే ఉంది కదా. ఆ సంగతి స్టేషనులో నేను చెబుతాను. నువ్వు ఇంటికి రా.

ఇట్లు,
నీ బాపు,
ఎల్లేశం.

చిక్కడపల్లి,
9-11-2025, ఆదివారం.

చిరంజీవి సంజనకు ఆశీస్సులు.

జవాబు తేవడం తన పని కాదన్న కురుమమ్మే నీ చీటీ తెచ్చి ఇచ్చింది. ఆర్నెల్ల కిందటి కరెంటు బిల్లు వెనక రెండే రెండు ముక్కలు. ఎలుక కొరికితే వైరు తెగుతుంది, ఊడి రాదు అని ఒకటి. ఆ రోజు నేను డ్రమ్ములో పరీక్ష చేయడం నువ్వు చూశావా బాపూ, నాకు గుర్తు రావడం లేదు అని రెండోది. ఎలుక సంగతి ఒప్పుకుంటున్నాను. నీతో మోటార్ల గురించి వాదించి నేనెప్పుడు గెలిచాను గనక.

రెండోదానికి జవాబు: నేను లోపలి గదిలో ఉన్నాను. చూడలేదు.

కానీ నీ రిజిస్టరు చూశాను. అక్టోబరు నాలుగు, దసరా వెళ్లిన రెండో రోజు, చిన్నాయన మోటారు తీసుకుపోయిన రోజు. ఆ రోజు రెండు మోటార్లు బయటికి పోయాయి. రెండింటికీ తాడు పరీక్ష అన్న గడిలో నీ టిక్కు ఉంది. అలవాటుకొద్దీ పెట్టేసి ఉంటానని చిన్నమ్మతో అన్నావట. నువ్వా? ఒక నట్టు రెండుసార్లు బిగించి మూడోసారి చూసే పిల్లవి. నాలుగేళ్లుగా షాపు ముందు ఆ నీలం డ్రమ్ములో మోటారు నడిపి, తాడు లాగి, ఆగితేనే బిల్లు రాసేదానివి. నీ వల్ల వీధంతా నీళ్లవుతోందని జిరాక్సాయనతో ఎన్నిసార్లు గొడవపడ్డావు!

తాత సంగతి రాయాలి. ఎనభై నాలుగేళ్ల ఉప్పలయ్యకు కొడుకు పోయాడని తెలుసు, ఎలా పోయాడో సరిగా ఎక్కలేదు. రోజూ పొద్దున లేవగానే ఒకటే ప్రశ్న. విఠల్‌గాని చెయ్యికి తాడుండెనా, ఉత్త చెయ్యేనా అని. నేను చాయ్ గ్లాసు చేతికిచ్చి బయటికి వచ్చేస్తాను.

ఆయన ఎందుకు అడుగుతాడో నీకు తెలుసు. అయినా రాస్తాను, రాస్తుంటే నాకు కొంచెం ఊపిరాడుతోంది. తాత హుస్సేన్‌సాగర్‌లో వల వేసి మమ్మల్ని పెంచాడు. ఆయన తండ్రీ, ఆ తండ్రి తండ్రీ అంతే. లోయర్ ట్యాంక్‌బండ్ కింద మన గుడిసె. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఎండాకాలం చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. తాత వల తెచ్చి అటక మీద పడేశాడు. ఆ తర్వాత ఆయనకు మిగిలింది ఒకటే పని. కట్ట మీదనుంచి దూకినవాళ్లను వెతకడానికి పోలీసులు ఆయన్నే పిలిచేవాళ్లు. దొరికినవాళ్లను తెప్ప మీదికి ఎక్కించరు. కుడిచేతి మణికట్టుకు తాడు కట్టి, తెప్ప వెంట మెల్లగా ఒడ్డుకు తెస్తారు. అది మనవాళ్ల పద్ధతి, ఈ నీళ్లవాళ్లయినా, పై చెరువులవాళ్లయినా. అందుకే మన ఇంట్లో నీళ్ల మీద బతికున్న మనిషి చేతికి తాడు కట్టరు. వల తాడైనా పిడికిట్లో పట్టుకుంటారే తప్ప మణికట్టుకు చుట్టుకోరు. నాకు పదేళ్లున్నప్పుడు ఆట కోసం చుట్టుకుంటే తాత చెంప పగలగొట్టాడు.

నేను బోటు షికారు మోటార్ల దగ్గర పానాలు అందిస్తూ పని నేర్చుకున్నాను. విఠల్ మాత్రం వల వదలనన్నాడు. రిజర్వాయరు కట్టగానే పైకి పోయి చేపల సొసైటీలో చేరాడు. నీళ్ల కింది ఆస్తి నాది, నీళ్ల మీది ఆస్తి మా అన్నది అని అందరికీ చెప్పి నవ్వేవాడు. నా రిపేరు కొట్టుకు నువ్వు వచ్చాకే అమ్మకాలు మొదలయ్యాయి, నీ పేరుతో బోర్డు వచ్చింది. పై చెరువుల సొసైటీలన్నీ చిక్కడపల్లికి మోటారు కోసం వస్తాయని తాత కలలో కూడా అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

ఆ నాలుగో తారీఖున షాపు ముందు జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. విఠల్ సరదాగా ఎర్ర తాడు మణికట్టుకు పెట్టుకుని చూస్తుంటే, కుర్చీలో ఉన్న తాత చూశాడు. తియ్యి, తియ్యి, బతికున్న పోరనికి తాడు కడ్తరారా అని లేవబోయాడు. నువ్వు ఆయన ముందు నేల మీద కూర్చుని, తాతా గిది ఒడ్డుకు తెచ్చే తాడు గాదు, ఒడ్డు దాకా పోకుండ ఆపే తాడు అన్నావు. మా బిడ్డ మాటే నా మాట అని విఠల్ నీ వైపు మాట్లాడాడు. తాత గోడవైపు తిరిగి కూర్చున్నాడు, మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

ఆ రోజు నుంచి నేను వెనక్కి పోలేకపోతున్నాను. ఇంటికి రా. పదిహేడు దగ్గర పడుతోంది.

ఆశీస్సులతో,
బాపు.

చిక్కడపల్లి,
13-11-2025, గురువారం.

సంజనా,

ఈసారి క్షేమ సమాచారాలు వదిలేస్తున్నాను. నీ చీటీ రాలేదు. కురుమమ్మను అడిగితే, చదువుతది అన్నా, చదివి మడతపెట్టి మెత్త కింద పెడ్తది, ఏమనది అంది. రెండు ముద్దలు తిని లేస్తున్నావట. రాత్రి చేసిన చపాతీలు పొద్దున కుక్కలకు వేస్తున్నావట. ఆమె అవన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంటే నేను మార్కెట్టులో నలుగురి మధ్య నిలబడి తల ఊపుతూ విన్నాను.

నిన్న కంపెనీ నుంచి కవరు వచ్చింది. డీలర్‌షిప్ వదులుకుంటున్నానని నువ్వు రాసిన కాగితం కాపీ. నాకు ఒక్క మాట చెప్పకుండా! నాలుగేళ్లు ఆ కాగితం కోసం ఎన్ని మెట్లెక్కావు. ఆడపిల్ల పడవ మోటారు అమ్ముతుందా అని అన్నవాళ్ల ముందు డ్రమ్ములో మోటారు నడిపి చూపించావు. వచ్చే వారం వచ్చి బోర్డు దించుతారట. వాళ్లు నిచ్చెన వేస్తే నేను నిచ్చెన లాగేస్తాను, చూస్తూ ఉండు.

షట్టరు సగం దించే ఉంచుతున్నాను. మొన్న మంజీర వైపునుంచి ఇద్దరు జాలరులు వచ్చి వంగి లోపలికి చూసి, అక్క లేదా అన్నా, అక్క చూస్తేనే మాకు ధైర్యం అన్నారు. ఊరెళ్లిందన్నాను. ఎన్నడొస్తది అన్నారు. నోటికొచ్చినట్టు సోమవారం అన్నాను. సోమవారమంటే పదిహేడే.

బాగా ఆలోచించాను. షాపు లైసెన్సు నా పేర ఉంది. మోటారు నేనే బిగించానని రాసిస్తాను. అరవైకి దగ్గర పడ్డవాడు, చూపు ఆనదు, వైరు కలపడం మరిచిపోయాడు అంటే ఎవరైనా నమ్ముతారు. నీ టిక్కు ఉన్న పేజీ చింపేస్తాను. నా బతుకు చాలావరకు అయిపోయింది, జైల్లో ఉన్నా షాపులో ఉన్నా నాకు పెద్ద తేడా లేదు. నీది ఇంకా మొదలే. దీనికి నువ్వు ఒప్పుకుంటే చాలు. ఒక్క మాట, సరే అని రాసి పంపు. బతిమాలుతున్నాను. తండ్రి బిడ్డను ఇంతకన్నా ఎలా బతిమాలుతాడో నాకు తెలియదు.

బాపు.

చిక్కడపల్లి,
16-11-2025, ఆదివారం ఉదయం.

సంజనా, బిడ్డా,

నీ చీటీ నిన్న అందింది. నా కోసం అబద్ధం ఆడకు బాపూ, నా తప్పు నేనే మోస్తా, నువ్వు మంచోడివి అని రాశావు. ఆ చివరి రెండు మాటలు చదివి చీటీ జేబులో పెట్టుకున్నాను. మళ్లీ తీయలేదు.

నేను రాసింది నువ్వు సులోచనకు ఫోనులో చెప్పినట్టున్నావు. ఆమె నిన్న మధ్యాహ్నం నారాయణగూడ పుట్టింటి నుంచి నడుచుకుంటూ వచ్చింది. వచ్చి గడపలో కూర్చుని, నీ అసొంటి తండ్రి ఎవ్వలకుంటడు బావా, బిడ్డ తప్పు నీ మీదేసుకుంటనంటివి అని కళ్లు తుడుచుకుంది. మీ అమ్మ పోయినప్పుడు నీకు పదకొండేళ్లు. నీకు జడ వేసింది ఆమె, జ్వరమొస్తే పక్కన పడుకుంది ఆమె. భర్తను పోగొట్టుకుని కూడా నీ మీద ఒక్క మాట అనలేదు. సంజన మీద నాకు కోపం లేదు బావా, కానీ దాని మొఖం సూడాలంటే భయమైతున్నది అంది. నేను ఆమెకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

అసలు సంగతి ఇంకొకటి. కురుమమ్మ నిన్న పొద్దున కూరగాయల సంచి కింద పెట్టి మరీ చెప్పింది. అన్నా, నీ బిడ్డ పొద్దుమూకెటాళ్లకు నాలా బ్రిడ్జి కాడికి పోయి నిలవడుతున్నది, వారం సంది సూస్తున్న, నాకు మంచిగనిపిస్తలేదు అంది. నిన్న సాయంత్రం నేను వచ్చాను. నువ్వు చూడలేదు. చాయ్ బండి వెనక నిలబడ్డాను. నువ్వు గోడ మీద రెండు చేతులూ పెట్టి కిందికి చూస్తున్నావు. హుస్సేన్‌సాగర్ నుంచి వదిలిన నీళ్లే అవి, నల్లగా అంబర్‌పేట్ వైపు పోతుంటాయి. బండ్లు హారన్లు కొడుతున్నా నువ్వు తల తిప్పలేదు. చిన్నప్పుడు తాతతో ట్యాంక్‌బండ్ కింద తెప్పలో కూర్చుని, పైన కట్ట మీద అలా నిలబడిన మనుషులను చూశాను. కొందరు కాసేపటికి ఇంటికి పోయేవాళ్లు. కొందరి కోసం మరుసటి రోజు తాతను పిలిచేవాళ్లు.

నువ్వు కదిలి హాస్టలు సందులోకి తిరిగేదాకా నేను అక్కడే ఉన్నాను. పిలుద్దామనుకున్నాను. పిలిస్తే నువ్వు తిరిగి చూస్తావు. చూస్తే నేను ఏదో ఒకటి చెప్పాలి. చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒకటే మాట, అది నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

రేపు స్టేషనుకు పోవద్దు. ఆ బ్రిడ్జి దగ్గరికి పోవద్దు. నా మీద ఒట్టు అనే అర్హత నాకు లేదు, పోయిన మీ అమ్మ మీద ఒట్టు. ఇంతకంటే నేను రాయలేను.

ఇట్లు,
నీ బాపు,
ఎల్లేశం.

తా.క.: కవరు అంటించాను. కురుమమ్మ రావడానికి ఇంకా గంట ఉంది. మళ్లీ చించాను. ఇంతకంటే రాయలేనని రాశాను గానీ, రాయాల్సింది ఒక్కటీ రాయలేదు.

వైరు తీసింది నేను.

ఆ నాలుగో తారీఖు మధ్యాహ్నం నువ్వు బోల్టుల కోసం కోఠికి పోయావు. తాత అన్నం ముందు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. విఠల్ ఆ తాడు చేతిలో పట్టుకుని, ఏం జేద్దమన్నా, ముసలాయన తింటలేడు అన్నాడు. తాత తాడు వద్దన్నాడు అంతే. వైరు తియ్యమని ఆయన అనలేదు, ఆయనకు వైరు అంటే ఏమిటో కూడా తెలియదు. ఆ తెలివి నాది. బిడ్డకు పుస్తకాలు తెలుసు, నీళ్ల సంగతి మనకు తెలుసు అన్నాను. మోటారు మూత విప్పి స్విచ్చి వైరు లాగి పక్కకు తోశాను. ఇక తాడు పెట్టకపోయినా మోటారు నడుస్తుంది, వల విసిరేటప్పుడు తాడు అడ్డం రాదు కూడా, తాడు పడవలో కొక్కేనికి తగిలించుకో, బిడ్డ వచ్చినప్పుడు మాత్రం చేతికి పెట్టుకుని చూపించు అని చెప్పాను. సరే అన్నా అన్నాడు. వాడు నా మాట ఎప్పుడూ తీసేయలేదు. తాత ముందుకు పోయి తాడు తీసేసినం నాయనా అంటే అప్పుడు తిన్నాడు. నాకు ఆ రోజు ఎంత గొప్పగా అనిపించిందో! అయ్యనూ తమ్మున్నీ బిడ్డనూ, ముగ్గురినీ ఒక్క దెబ్బకు సంతోషపెట్టానని అనుకున్నాను.

విఠల్ ఆ తాడు కట్టుకోలేదు. నేను నీకన్నా గంట ముందు ఒడ్డుకు చేరాను. అప్పుడే సొసైటీవాళ్లు వాడిని తెస్తున్నారు. చేతికి కట్టడానికి తాడు కోసం వెతికితే వాడి పడవలోనే కొక్కేనికి ఎర్ర తాడు కనిపించిందట. వేరే తాడు దొరకలే అన్నా, ఏమనుకోకు అని వాళ్లే నాతో అన్నారు. నువ్వు చూసింది అదే. నీ మాట నమ్మి కట్టుకున్న తాడు కాదు అది. నా మాట నమ్మి కట్టుకోని తాడు.

నువ్వు కూలబడి నేనే వైరు కలపలే అన్నప్పుడే నోరు విప్పాల్సింది. విప్పలేదు. అంతకుముందు ఇంజనీరు వైరు కలపలేదన్నప్పుడు అందరూ నీ వైపు చూశారు, నేనూ చూశాను. ఒక్క నిమిషం, ఎవరూ నన్ను చూడలేదని ఊపిరి పీల్చుకున్నాను. ఆ నిమిషాన్ని ముప్ఫై అయిదు రోజులు సాగదీశాను. ఎలుక అన్నాను. నీ తప్పు నేను మోస్తానని నాటకమాడాను. మంచోడినని మీరు నమ్ముతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. నిన్న ఆ బ్రిడ్జి మీద నిన్ను చూసేదాకా నేను ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. విఠల్‌ను తెలియక చంపాను. నిన్ను తెలిసి చంపుతున్నాను.

కవరు అంటించాక, మళ్లీ చించేలోపు, నారాయణగూడ పోయి సులోచనకు చెప్పాను. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. తాతకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఇవాళ మాత్రం ఆయన అడిగినదానికి జవాబిచ్చాను. ఉత్త చెయ్యే నాయనా అన్నాను. అది నిజమే కదా. ఎస్సైకి ఫోను చేస్తే ఇవాళే రమ్మన్నాడు. ఇది నీ చేతికి అందేసరికి నేను బస్సులో ఉంటాను. రేపు నువ్వు రావాల్సిన పని లేదు.

క్షమించమని అడగను. షాపు తాళం కురుమమ్మకు ఈ కవరుతోపాటే ఇస్తున్నాను. పానాల పెట్టె నువ్వు పెట్టిన చోటే ఉంది. సోమవారం వస్తావని చెప్పిన ఆ మంజీర జాలరులు నిజంగానే రావచ్చు. మోటారు ఇచ్చేటప్పుడు తాడు ఎందుకో వాళ్లకు చెప్పు. నా పేరు పెట్టి, నేను చేసింది కూడా చెప్పు. దాచకు.

ఇంకొకటి. పరీక్ష చేయడం చూశావా అని అడిగితే, లోపలి గదిలో ఉన్నాను, చూడలేదని రాశాను. చూడలేదన్నది నిజం. కానీ విన్నాను. డ్రమ్ములో మోటారు నడిపి తాడు లాగావు, ఆగింది. నీకు సరిపోలేదు, మళ్లీ నడిపి మళ్లీ లాగావు. రెండుసార్లూ ఆగింది బిడ్డా.